బ్యాట్ ఒక్కటి కుదిరితే చాలు

సెప్టెంబర్ 1, సోమవారం. ఉదయం 5.40

కొత్త డైరీ. అంటే కొత్తదేమీ కాదు, జనవరిలో షుగర్ తగ్గించుకుందామని మొదలుపెట్టినది. రెండు పేజీలే ఖర్చయ్యాయి. మిగతాదంతా తెల్లగా, శుభ్రంగా ఉంది.

నిర్ణయం: దసరా లోపు నాకు సరిపోయే సాఫ్ట్‌బాల్ బ్యాట్‌ను శాస్త్రీయంగా పరీక్షించి ఎంచుకుంటాను. తొందరపడను. షాపువాడి మాట వినను. రోజూ పొద్దున వందసార్లు బ్యాట్ ఊపుతాను. బంతి తగలకపోతే బ్యాట్ మీద నెపం పెట్టను. ఆడలేక మద్దెల ఓడు అనే బాపతు మనిషిని కాను నేను!

విషయమేమిటంటే, సోలాపూర్‌లోని మా దాజీ పేట్‌లో అరవై దాటిన వాళ్ల టీమ్ ఒకటి తయారవుతోంది. డిసెంబర్‌లో పుణేలో పోటీలు. ఆడేది పదిమంది. ఆశపడుతున్నది పద్నాలుగు మంది. కోచ్ మా కోడలు ప్రణాలి. బడిలో ఆటల టీచరు. మా వీధి ముసలివాళ్లంతా పొద్దున్నే అరుగు మీద చేరి మోకాళ్ల నొప్పులు చెప్పుకోవడం వినలేక ఈ ఆట నేర్పింది. బంతిని చెయ్యి కిందినుంచి మెల్లగా విసురుతారు. కొట్టాలి. కొట్టి, బంతి రాకముందే మొదటి బేస్‌కు పరుగెత్తాలి. అంతే ఆట.

"కోడలే కోచ్ గదా, నీకేం ఫికర్" అంటారు అందరూ. తన కూరలో ఉప్పెక్కువైతే మనకన్నా ముందు తనే చెప్పే పిల్ల ప్రణాలి. నా ఆటలో లోపం దాస్తుందా?

నలభై ఏళ్లు మరమగ్గాల షెడ్డులో జాబర్‌ని నేను. మగ్గం ఆగిపోతే బాగుచేసేవాణ్ని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎక్కడో ఒకచోట "సిద్ధరాములూ!" అని కేక. మగ్గాల మోతను మించి అరిచేవాళ్లు. రెండేళ్ల కింద షెడ్డు మూతపడింది. అప్పటినుంచి నాతో ఎవరికీ పని లేదు. ఇంట్లో మామను, తాతను, "ఏమయ్యా"ను. ఆ పదిమందిలో నా పేరుండాలి. లేకపోతే పొద్దున లేచి ఎక్కడికి పోవాలో నాకు తెలియదు.

సెప్టెంబర్ 2

వంద ఊపులు పూర్తి! బ్యాట్ ఇంకా లేదు కాబట్టి గొడుగుతో. భుజం ఇరవై ఏళ్లవాడిలా తిరుగుతోంది.

మా ఆవిడ యమున బీడీలు చుడుతూ తలెత్తకుండానే అంది: "గొడుగు ఇరిగితే వానకు తడిసేది నువ్వే."

మైదానంలో మల్లప్ప బ్యాట్ చూశాను. మల్లప్ప మా ఇంటి కింది షెడ్డులో ఇంకా నాలుగు మగ్గాలు నడుపుతున్నాడు. అతని బ్యాట్ ప్రణాలి వాళ్ల బడిలో పారేయబోతుంటే అడిగి తెచ్చుకున్నది. మొహమాటం లేకుండా చెప్పేశాను, అది బ్యాట్ కాదు, సొట్టలు పడ్డ రేకు గొట్టమని.

"నాకు బాల్ తగిల్తే బస్" అన్నాడు.

"బ్యాట్ అంటే ఆటవస్తువు గాదు మల్లప్పా! పనిముట్టు. నీకు మగ్గంల ఉరికే నాడె ఎట్లనో, నాకు పానా ఎట్లనో, గట్ల."

ఎంత బాగా చెప్పానో! ఇంటికొచ్చి యమునకు కూడా చెప్పాను. రెండుసార్లు.

సెప్టెంబర్ 6

మొదటి బ్యాట్ వచ్చింది. అల్యూమినియం. వెల రాయను, యమున ఈ డైరీ చదువుతుంది.

ఇంట్లో పరీక్షలు: నూలు తూచే పాత కాటా మీద తూచాను. వేలితో తట్టి చెవి దగ్గర పెట్టుకున్నాను. పిడికి మగ్గం నూనె రాసి చూశాను (పొరపాటు. చేతిలోంచి జారి గోడకు తగిలింది. గోడకు సొట్ట, బ్యాట్‌కు ఏమీ కాలేదు. నాణ్యమైన సరుకు!).

మైదానంలో ఎనిమిది బంతులు వేస్తే రెండు తగిలాయి. రెండింటికీ అరచేతులు జివ్వుమన్నాయి. పిడి సన్నం. బరువంతా కొసకు ఉంది. ఇది నెపం కాదు, పరిశీలన.

సెప్టెంబర్ 11

ఫోన్‌లో బ్యాట్ల వీడియోలు చూస్తున్నాను. జ్ఞానం అంటే ఇది! వయసు మళ్లిన వాళ్లకు కాంపోజిట్ బ్యాట్ కావాలట. తేలిక, చేతులు అదరవు. ఈ సంగతి ప్రణాలి నాకెందుకు చెప్పలేదు? అడిగాను.

"చెప్పిన గదా మామా, ముందుగాల బాల్ మీద నజర్ పెట్టుండ్రి అని."

నేనడిగింది అది కాదు.

కాంపోజిట్ బ్యాట్ తెప్పించాను. అయితే కొత్తది కొత్తగానే పనికిరాదట. కొన్ని వందల దెబ్బలు కొడితే గాని మెత్తబడదట. కొత్త పంచెకు గంజి వదిలించినట్టే. నాలుగు సోలాపూర్ దుప్పట్లు చుట్టగా కట్టి, స్తంభానికి తగిలించి, మూడు రోజులుగా కొడుతున్నాను. వంద ఊపులు విడిగా చేయడం లేదు. దుప్పటి దెబ్బలు అందులోకే వస్తాయి.

యమున: "పొగాకుల దుమ్ము పడ్తున్నదయ్యా! నీ బ్యాట్‌కు గంజి ఒదిలే వరకు నా బీడీలన్ని కార్ఖానోళ్లు వాపస్ జేస్తరు."

గొప్ప పనులకు ఇంట్లోవాళ్లే మొదటి అడ్డంకి.

సెప్టెంబర్ 13

ప్రమాదం.

మేడ మీద బంతిని తాడుతో వేలాడదీసి కాంపోజిట్‌తో కొట్టాను. తాడు తెగింది. బంతి ఎదురింటి గోడకు తగిలి వెనక్కొచ్చి కింది షెడ్డు వెంటిలేటర్‌లోంచి దూరి మల్లప్ప మగ్గం మీద పడింది. పడుగులో బోలెడు పోగులు తెగాయి. మగ్గం ఆగింది. నా గుండె కూడా ఆగినంత పనైంది.

దిగి వెళ్లి తల వంచుకుని నిలబడ్డాను. మల్లప్ప తిట్టలేదు. "తగిలింది గదా! బాల్ తగిలింది గదా!" అని నా వీపు మీద చరిచాడు. "ఉగీచ్, ఉత్తగ ఏడ్వకు, కూసో. పోగులు ముడేద్దాం."

మధ్యాహ్నం దాకా ఇద్దరం కూర్చుని అతికాం. వేళ్లు ఏమీ మరిచిపోలేదు. చాలా రోజుల తర్వాత ఆకలి బాగా వేసింది. బ్యాట్ గురించి రాయడం మరిచాను. దెబ్బ బాగుంది. దిశ బాగాలేదు. దిశ బ్యాట్‌లోనే ఉంటుందేమో చూడాలి.

సెప్టెంబర్ 18

వాన. ఊపులు నలభై.

సెప్టెంబర్ 20

ఊపులు పన్నెండు. సంఖ్య కాదు ముఖ్యం, నాణ్యత.

మైదానానికి వెళ్లలేదు. బురదలో బ్యాట్ పరీక్షిస్తే ఫలితాలు తప్పుగా వస్తాయి.

సెప్టెంబర్ 22

నవరాత్రులు మొదలు. ఉపవాసం కాబట్టి ఊపులు లేవు. సాబుదానా ఖిచిడీ రెండు ప్లేట్లు.

అసలు ఈ విదేశీ సరుకు మన చేతికి పడేదేనా అని ఆలోచన వచ్చింది. మగ్గంలో నాడెను తన్నే కర్రలు చేసే వడ్రంగి మా గల్లీలోనే ఉన్నాడు. ఆ కర్ర దెబ్బ తెలియనివాణ్నా నేను? అతనితో టేకు బ్యాట్ చేయించాను. మూడోది! బరువు పొందిక అద్భుతం! ఎత్తగానే నడుములో ఏదో కలుక్కుమంది.

సెప్టెంబర్ 25

నడుముకు కాపడం. ప్రణాలి తలుపు దగ్గర నిలబడి అడిగింది.

"మామా, వారమాయె ప్రాక్టీస్‌కు రాక. ఏంది సంగతి?"

"పరీక్షలు నడుస్తున్నయ్ బిడ్డా."

"ఎవరివి?"

"బ్యాట్లవి."

"బ్యాట్లు పాసైతయ్ మామా. టీమ్‌ల ఆడేది మీరు గదా." వెళ్లబోతూ, "అక్టోబర్ ఒకటి పొద్దుగాల సెలెక్షన్. ఆ రోజు ఖండే నవమి, ఆయుధ పూజ, మగ్గాలన్ని బంద్ ఉంటయ్. అందరికి సవుడు దొరుకుతది. మీకు బరోబర్ గదా?"

"బరోబర్!" అన్నాను, గట్టిగా.

తను వెళ్లాక భయమేసింది. నిజం రాస్తున్నాను. బంతి విసిరితే నాకు తగులుతుందన్న నమ్మకం లేదు. ఇంట్లో మూడు బ్యాట్లున్నాయి, నాకేమో ఈ నెలలో తగిలిన బంతులు ఒక చేతి వేళ్లకు సరిపోతాయి. కానీ మూడింట్లో ఒకటి సరైనదై ఉండాలి కదా. ఉండే తీరాలి.

సెప్టెంబర్ 30. సాయంత్రం

తుది నిర్ణయం: తేలలేదు. అల్యూమినియం నమ్మకస్తురాలు. కాంపోజిట్ తెలివైనది, గంజి ఇంకా కొంచెం ఉంది. టేకుది మనింటి బిడ్డ, నడుము ఒప్పుకోవడం లేదు. మూడూ పట్టుకెళతాను. చేతికి ఏది పలికితే అది.

మూడింటినీ తుడిచి గోడకు ఆనించాను. చూస్తుంటే ఎంత ధైర్యంగా ఉందో!

అక్టోబర్ 1, ఖండే నవమి. ఉదయం 6.00

ఘోరం!!!

స్నానం చేసి వచ్చేసరికి గోడ దగ్గర బ్యాట్లు లేవు. దేవుడి ముందు ఉన్నాయి. నా పానాలు, సుత్తి, యమున బీడీ ఆకు కత్తిరించే కత్తెర, వాటి పక్కన వరసగా మూడు బ్యాట్లు. పసుపు, కుంకుమ, బంతిపూల దండలు. టేకు దానికి నిమ్మకాయ కూడా.

"ఏం చేసినవే ఇది!"

"పూజ" అంది యమున.

"నాకిప్పుడు బ్యాట్ కావాలె! సెలెక్షన్ ఉన్నది!"

"నువ్వే అంటివి గదా, ఇది ఆటవస్తువు గాదు, పనిముట్టు అని. ఒకసారి గాదు, వందసార్లు అంటివి. ఆయుధ పూజ నాడు పనిముట్టు ముడ్తరా? నేను కత్తెరనే ముట్టలే. ముట్టుకో, సూద్దాం. ఏడాదంత అచ్చిరాదు."

షెడ్డులో ఈ రోజున స్క్రూ కూడా తిప్పనిచ్చేవాణ్ని కాదు. ఒక ఏడాది అర్జెంటు ఆర్డరుందని షేట్‌జీ మగ్గం ఆడించబోతే, "మీ మగ్గం, మీ ఇష్టం, రేపటినుంచి జాబర్ వేరే" అని వచ్చేసిన మనిషిని. చెయ్యి చాచాను. వెనక్కి తీసుకున్నాను. దండం పెట్టుకుని వట్టి చేతులతో బయల్దేరాను.

అదే రోజు, మధ్యాహ్నం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మనిషికి పది బంతులు. నా వంతు వచ్చింది. చేతిలో ఏమీ లేదు. మల్లప్ప తన బ్యాట్ చాచాడు.

"నీది పూజలో పెట్టలేదా?"

"నాడె పెట్టిన. ఇది రేకు గొట్టమే గదా, నువ్వే అన్నవు. గొట్టానికి పూజ ఎవరు జేస్తరు? పట్టు!"

పట్టాను. మొదటి బంతి పోయింది. రెండోది పోయింది. అలా తొమ్మిది పోయాయి. నెపం పెడదామంటే బ్యాట్ నాది కాదు. పదో బంతికి బ్యాట్ సంగతే మరిచిపోయాను. బంతినే చూశాను.

ఠంగ్!

చేతులు అదరలేదు. బంతి అందరి తలల మీదుగా వెళ్లి మైదానం చివర నీళ్ల ట్యాంకర్ దగ్గర పడింది. నా జీవితంలో మొదటి అసలైన దెబ్బ! ఇది ఏ కంపెనీ బ్యాట్? తిప్పి చూశాను. పేరు చెరిగిపోయింది. గోటితో గీకాను. ఒక అక్షరం కనిపించినట్టే ఉంది.

"సిద్ధరాములూ! ఉరుకు! సిద్ధరాములూ!"

పదమూడు మంది అరుస్తున్నారు. ఇంతమంది కలిసి నా పేరు అరవడం విని రెండేళ్లయింది. ఒళ్లంతా పులకరించింది. ఎంత హాయిగా ఉందంటే కాలు కదపబుద్ధి కాలేదు. అలాగే నిలబడి విన్నాను.

బంతి ఫీల్డర్ల చేతుల మీదుగా నాకన్నా ముందే బేస్‌కు చేరింది. నేనసలు బయల్దేరలేదు కదా. అవుట్.

ప్రణాలి నుదురు పట్టుకుని కూర్చుంది.

అక్టోబర్ 2, దసరా

ప్రణాలి పేర్లు చదివింది. మల్లప్ప పేరు మూడోది. పదో పేరు దాకా నాది రాలేదు. పదకొండోది చదివింది. "సిద్ధరాములు. రిజర్వ్."

ఇంటికొచ్చాక నా దగ్గర కూర్చుంది. "మామా, నిన్నటి దెబ్బ పద్నాలుగు మందిల ఎవ్వరు కొట్టలే. గది నిజం. కని కొట్టి నిలబడ్తే ఏం లాభం? రోజు ఉరుకుండ్రి. దీపావళికి మల్ల సూస్త. మొదటి బేస్‌కు చేరిండ్రంటే లోపలికి తీస్కుంట. చేరకుంటే తియ్య. మామ అని గూడ సూడ."

పూజ దించాక యమున మూడు బ్యాట్లూ తెచ్చి నా ముందు పెట్టింది. ముట్టుకోలేదు. ఏడుపొచ్చింది. రాస్తున్నాను, చదివేవాళ్లు చదువుకోనీ.

"ఏడుస్తున్నవా?" అంది. "పదకొండోది గూడ పేరే గదనయ్యా."

అక్టోబర్ 4

పరుగు బూట్ల మీద వీడియోలు చూశాను. మడమ కింద గాలి ఉన్నవి ఒక రకం, జెల్ ఉన్నవి ఒక రకం. వయసు మళ్లిన వాళ్లకు ప్రత్యేకంగా...

యమున ఫోన్ లాక్కుంది.

అక్టోబర్ 5, ఆదివారం. ఉదయం 5.40

కొత్త పేజీ.

నిర్ణయం: ఈ రోజునుంచి దీపావళి దాకా, వానొచ్చినా వరదొచ్చినా, రోజూ పరుగు. బూట్లు కొనను. పాత కాన్వాస్ జోళ్లు చాలు. ఏదీ పరీక్షించను. తోడుగా మల్లప్ప వస్తానన్నాడు. రోజూ తనే వచ్చి పిలుస్తానన్నాడు.

5.45. వచ్చాడు. కింద వీధిలో నిలబడి "సిద్ధరాములూ!" అన్నాడు. లేసులు కట్టుకుని సిద్ధంగానే ఉన్నాను. అయినా దిగలేదు. ఇంకొక్కసారి పిలవనీ.

5.47. పిలిచాడు. ఈసారి వీధంతా వినపడేలా. బాగుంది. ఇంకొక్కసారి.

5.50. "పిలిచి పిలిచి గొంతు పోయింది! నువ్వు పండుకో, నేను పోతున్న!"

కిటికీలోంచి చూశాను. నిజంగానే పోతున్నాడు. సందు మలుపు దాటితే మళ్లీ దొరకడు. ఇక రాయను, ఉరకాలి.