సొరకాయ దగ్గర ఎడమకు

బుధవారం, మధ్యాహ్నం

చెల్లికి,

అక్క ఆశీస్సులు. నువ్వూ మరిదిగారూ చల్లగా ఉన్నారని తలుస్తాను. నేనూ క్షేమమే అని రాయడం మర్యాద కాబట్టి రాశాను. నిజానికి ఇక్కడ నా ఇంటి మీద ఎవరో కన్నేశారు.

నవ్వకు. రైళ్లలో టికెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషిని. టికెట్ లేని మొహాన్ని పెట్టె అవతలి కొస నుంచే పసిగట్టేదాన్ని. ఈ ఊళ్లో అందరి మొహాలూ అలాగే కనిపిస్తున్నాయి.

ముందు తోట సంగతి చెబుతాను. వంగ పూతకొచ్చింది. చిక్కుడు గింజ నెత్తిన మట్టిబెడ్డ మోసుకుంటూ పైకొచ్చింది. గోడ మీదికి పాకించిన సొరపాదుకు ఒక్క కాయే నిలిచింది. సొరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది కదా, అప్పటికి తేనెటీగలు ఇళ్లకు పోతాయి. అందుకని మగపువ్వు తెంపి ఆడపువ్వుకు నేనే అద్దాను. ఆ కాయ గేటు పక్కన వీధిలోకి వేలాడుతూ బిందెంత అయింది. పొద్దున లేచి దాన్ని చూస్తే చాలు, నాకు కడుపు నిండిపోయేది.

చిక్కంతా దానితోనే. ముక్కూమొహం తెలియని వాళ్లు బళ్ల మీద వస్తారు, నా గేటు ముందు ఆగుతారు, కాయను ఎగాదిగా చూస్తారు, తలూపి ఎడమ పక్క సందులోకి తిరిగిపోతారు. ఎవరు కావాలి అని అడిగితే, ఏం లేదులే అమ్మా అంటారు. ఏం లేకపోతే ఆగడమెందుకు? నిన్న చూద్దును కదా, కాయ తొడిమకు ఎర్ర గుడ్డపీలిక కట్టి ఉంది! అడ్డంగా ఉన్న ఆకులు కూడా ఎవరో తెంపేశారు. దొంగలు గుర్తు పెట్టుకున్నారన్నమాట.

ఆ పీలిక ఎదురింటి టైలరుదే. అతని మిషను కింద అదే రంగు ముక్కలు చూశాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను పీలిక మాట ఎత్తానో లేదో, ఆ కాయ మాత్రం కొయ్యకండి అక్కా అన్నాడు. నా కాయ నేను కొయ్యకూడదట!

అసలు దారి కూడా సరిగ్గా చెప్పని మనుషులు వీళ్లు. పోస్టాఫీసు ఎక్కడంటే, కాలిపోయిన మిల్లు దాటి, గేదె పడిన బావి దగ్గర కుడికి అంటారు. మిల్లు లేదు, బావి పూడ్చేశారు, గేదె ఎప్పుడో పోయింది. నేను ఈ ఇంట్లో దిగిన రోజు ఇలాగే తిరిగి తిరిగి క్వారీ గుంట దగ్గర తేలాను. లేనివాటితో దారి చెప్పేవాళ్లను ఎలా నమ్మమంటావు? నా పేరు కూడా ఎవరికీ పట్టలేదు. కొత్తావిడ అంటారు, అంతే. ఆ మాట విన్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

దొంగలు పడ్డ ఆర్నెల్లకు మొరిగే రకాన్ని కాను. అందుకే ఇవాళ పొద్దున్నే కాయ కోసి వంటింటి బల్ల కింద దాచాను.

మీ వీధిలో ఆ ఇల్లు ఇంకా ఖాళీగా ఉంటే నాకోసం ఆపమని చెప్పు. నెలాఖరుకు వచ్చేస్తాను. తోటను వదలాలంటే ప్రాణం ఉసూరుమంటోంది, కానీ ఈ అనుమానాలతో నాకు ముద్ద దిగడం లేదు.

ఇట్లు,
ఎవరినీ నమ్మని నీ అక్క

తా.క. శనివారం. ఉత్తరం అంటించేలోపే కొంప మునిగినంత పనైంది. బుధవారం సాయంత్రం ఒకతను నొప్పులు పడుతున్న భార్యను వ్యానులో తెస్తూ, నా గేటు దాటి నేరుగా క్వారీ గుంట దాకా పోయాడు. ఆ సందు చివర కాన్పులు చేసే నర్సమ్మ ఉందట. ఊరంతా ఆమె ఇంటికి చెప్పే దారి ఒక్కటే: పెద్ద సొరకాయ వేలాడే చోట ఎడమకు తిరగండి. అది దూరానికి కనపడాలనీ, ఎవరూ తెంపకూడదనీ టైలరు పీలిక కట్టాడు. ముందే చెప్పొచ్చు కదయ్యా అంటే, ఊరందరికీ తెలిసిందే కదా, మీకూ తెలుసనుకున్నానక్కా అన్నాడు.

వ్యాను వెనక్కి వచ్చేసరికి ఆలస్యమైపోయింది. టైలరు పరుగెత్తి నర్సమ్మను తీసుకొచ్చాడు. నేను వేడినీళ్లు కాచాను. నా గేటు ముందే, వ్యానులోనే ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం.

కాయ ఉన్నచోట ఎర్ర బకెట్టు వేలాడదీశాను. దాన్ని పట్టించుకున్న నాథుడు లేడు. ఇవాళ కలుపు తీస్తుంటే టైలరు ఎవరికో దారి చెప్పడం వినపడింది: సొరకాయ కోసేసిన అక్క ఇల్లు వస్తుంది, అక్కడ ఎడమకు తిరగండి అని. వాళ్లు వచ్చారు, నన్ను ఎగాదిగా చూశారు, తలూపి సరిగ్గా తిరిగారు.

మీ వీధిలో ఇల్లు ఇంకెవరికైనా ఇచ్చుకోమను. నువ్వే ఓసారి రా. నా పేరు చెప్పి అడిగితే ఎవరికీ తెలియదు, సొరకాయ కోసేసిన అక్క అని అడుగు. ఎడమకు మాత్రం తిరగకు, గేటు తీసుకుని లోపలికి వచ్చెయ్.