ఊదే గొట్టం

శుక్రవారం, కోయంబత్తూరు

ఆ మేస్త్రీని ఇంకో రెండు తన్నాలనే ఉంది.

పత్తి దుమ్ము ఊపిరితిత్తుల్ని ఎంత తినేసిందో కొలవడానికి ఇవాళ మా వైద్య బృందంతో నూలు మిల్లుకు వెళ్లాను. అక్కడ పనిచేసే రాజక్క నోట్లో గొట్టం పెట్టి, పద్ధతి ప్రకారం "ఊదండి, ఊదండి" అని అరుస్తున్నాను. వాళ్ల పని చూసే మేస్త్రీకి అది పనిదొంగల్ని పట్టే పరీక్షలా తోచింది కాబోలు, వెనక నుంచి వచ్చి ఆమె వీపు మీద గుద్దాడు.

"నాటకమా? నల్లా ఊదు, గట్టిగా!"

"లోపల గాలి ఉంటే కదన్నా ఊదేది," అంది రాజక్క.

మళ్లీ గుద్దాడు. గొట్టం తగిలి పెదవి చీలింది. గొంతులో పట్టిన దుమ్ము కిందికి దిగిపోవాలని వీళ్లంతా బుగ్గన పెట్టుకునే బెల్లం ముక్క, రక్తంతో కలిసి ఆమె ఒళ్లో పడింది. నేను వాడి చొక్కా పట్టి గోడకేసి కొట్టాను. వాడి తల టప్పుమంది.

నన్ను వెనక్కి లాగింది రాజక్కే. "విడు అమ్మిణీ. రేపూ మేము ఇక్కడికే కదా రావాల."

మేస్త్రీ తల రుద్దుకుంటూ అక్కడే నిలబడ్డాడు. వరుసలో తర్వాతి ఆవిడ వచ్చింది. కుర్చీ ఈడ్చుకెళ్లి, వీపు గోడకు ఆనించి కూర్చుని, గొట్టం కోసం నోరు తెరిచింది.