ఇనపచొక్కా ఆయన గురించి బెంగ పెట్టుకోను

జనవరి 6, 2003, సోమవారం

కంటి డాక్టరు తేల్చి చెప్పేశాడు. బీపీ దిగితేనే ఇరవై ఏడో తారీఖున కుడికంటి శుక్లం తీస్తాడట. దిగకపోతే తియ్యడట. బీపీ ఎందుకు దిగదంటే నేను అన్నిటికీ బెంగ పెట్టుకుంటానట. ఈ సంగతి డాక్టరు కనిపెట్టలేదు, మా కోడలు సుధారాణి అందించింది.

కాబట్టి ఇవాళ్టి నుంచి బెంగ బంద్.

బెంగ వచ్చినప్పుడల్లా రాసేసి పుస్తకం మూసెయ్యమని మనవరాలు గోల్డీ సలహా. దాని అసలు పేరు పైడితల్లి. మా అమ్మవారి పేరు పెట్టుకుంటే, ఈ హిందీ ఊళ్ళో, బారిడీహ్ ఉక్కు కాలనీలో ఒక్కరూ ఆ పేరుతో పిలవరు. ప్లస్ టూ చదువుతోంది. మా అబ్బాయి సూర్యానికి ప్లాంటులో ఎవరో కాంట్రాక్టరు ఇచ్చిన డైరీ ఇది. నేను ఐదో తరగతి దాకా చదివాను. పెద్ద అక్షరాలు రాస్తే నాక్కూడా కనిపిస్తాయి.

ఇవాళ్టి బెంగలు: గ్యాసు కట్టేశారా. సూర్యం బి-షిఫ్టుకి మఫ్లరు పట్టుకెళ్ళాడా. మేడ మీద వడియాలు మంచుకి తడిశాయా.

రాశాను. మూశాను. ఎంత తేలిక.

(గ్యాసు మాత్రం లేచి చూసొచ్చాను. కట్టే ఉంది.)

జనవరి 8, బుధవారం

రెండు రోజులుగా బెంగ లేదు. సూర్యం ఆలస్యంగా వచ్చినా అడగలేదు. ఆలస్యంగా ఎందుకు వచ్చాడని సుధారాణిని అడిగాను, అంతే.

సాయంత్రం గోల్డీ స్నేహితులు వచ్చారు. అగ్రికో కాలనీ నుంచి మురళి, పక్క వీధి రింకీ. చదువు కోసం కొన్న కంప్యూటర్లో ముగ్గురూ కలిసి ఏదో ఆట ఆడతారు. నేను వెనక కూర్చుని బఠాణీలు వలిచాను. తెర మీద నాకు ఒక బూడిదరంగు మచ్చ కనిపించింది. అది కదిలినప్పుడల్లా పిల్లలు ఊపిరి బిగబడుతున్నారు.

"ఎవురే ఆ బూడిదరంగోడు?"

"సర్ గార్విక్, నాన్నమ్మా. నైట్, పాతకాలం కత్తియోధుడు. ఒంటినిండా ఇనుమే."

మనకెందుకు. మూశాను.

జనవరి 10, శుక్రవారం

ఇది బెంగ కాదు, విచారణ. ఆ రెండూ వేరు.

ఆ ఇనపచొక్కా ఆయన కొలువు చేసే రాజు, కోటని శత్రువులు చుట్టుముడితే ధాన్యం అంతా దాచుకుని జనాన్ని మాడ్చాడట. పిల్లలు పస్తులతో పడిపోతుంటే ఈయన రాత్రికి రాత్రి కోట తలుపు తీసేశాడట. శత్రువులు వచ్చారు, రాజు చచ్చాడు, జనం తిన్నారు. ఇప్పుడు ఆ జనమే ఈయన్ని ద్రోహి అంటారు. అన్నం పెట్టినవాణ్ణి తిట్టడం మన కాలనీలో కూడా ఉంది, నాకు ఆశ్చర్యం వెయ్యలేదు.

అంత మంచివాడు కూడా కాదు. ఆటలో గోల్డీ గుంపుతో పాటు నడుస్తూ వాళ్ళ మందుల సంచీ కొట్టేశాడు. అడిగితే నాకు తెలీదన్నాడు.

"ధోకేబాజ్ హై," అంది రింకీ. "మోసగాణ్ణి ఉరి తీసెయ్యాలి."

"ఆ మందు ఎవరికిచ్చాడో నీకు తెల్సా?" అన్నాడు మురళి.

"నీకు తెల్సా?"

"తెలీదు. అందుకే తొందరపడకంటన్నాను."

సైబర్ కేఫ్‌కి వెళ్తే ఆయన గురించి ఏయే దేశాల వాళ్ళో రాసిన ఉత్తరాలు ఉంటాయట, సగం తిట్లు, సగం కన్నీళ్ళు. గోల్డీ ఆయన బొమ్మ ఒకటి అచ్చు తీయించి అలమార తలుపు లోపల అంటించింది. మొహం కనిపించదు, శిరస్త్రాణం ఎప్పుడూ తియ్యడట. ఆట చివర ఒక్కసారి తీస్తాడని విన్నారు గానీ, ఈ ముగ్గురిలో ఎవరూ అక్కడిదాకా వెళ్ళలేదు.

ఒకటే సందేహం. మా ఆయన కొలిమి దగ్గర పనిచేసినన్నాళ్ళూ నూలు చొక్కాకే వీపంతా చెమటకాయలు పేలేవి. ఈయన ఇనుము లోపల ఏం వేసుకుంటాడు?

జనవరి 12, ఆదివారం

ఇవాళ ఆటలో పెద్ద మలుపు. మందులు దొంగిలించాడని పిల్లలు ఆయన కత్తి లాక్కున్నారు. అది తిరిగి ఇవ్వాలా వద్దా అని ఆట అడిగింది. ముగ్గురూ గంటసేపు కొట్టుకుని చివరికి నావైపు తిరిగారు.

నేను ఆలోచించే చెప్పాను. "ఇవ్వకండర్రా. కత్తుంటే ముందుకెళ్తాడు. నేకపోతే ఎనకాలుంటాడు. ఎనకాలున్నోడికి దెబ్బ తగల్దు."

"వాహ్, నాన్నమ్మా," అన్నాడు మురళి.

కత్తి ఇవ్వలేదు. నాకు ప్రాణం కుదుటపడింది. సూర్యానికి క్రేన్ మీద డ్యూటీ వేస్తే కూడా ఇలాగే వద్దని చెప్పాను. వాడు వినలేదు. పైవాళ్ళ పిల్లలే నయం.

జనవరి 15, బుధవారం

మందుల షాపులో బీపీ చూపించుకున్నాను. కొంచెం ఎక్కువ ఉంది. కారణాలు: షాపు దాకా నడిచాను. ఎదురుగా స్కూటరు వచ్చింది. మామిడికాయ ఊరగాయ. ఇంకేమీ లేదు.

ఇనపచొక్కా ఆయన మంచుకొండ మీద నడుస్తున్నాడు. దగ్గుతున్నాడు. నేను విన్నాను. చెవులకి శుక్లాలు లేవు నాకు.

"మిరియాల కషాయం ఇయ్యండే ఆయనకి."

"గేమ్ హై, నాన్నమ్మా. కషాయం బటన్ నేదు."

అంత ఖరీదు పెట్టి కొన్న మిషన్లో కషాయం లేదు.

జనవరి 18, శనివారం

బీపీ దిగాలని రామమందిరానికి వెళ్ళాను. నా కోసమే వెళ్ళాను. అర్చన చేయించేటప్పుడు పంతులుగారు ఎవరి పేరుమీద అని అడిగారు. నా నోటినుంచి వేరే పేరు వచ్చేసింది.

"గార్విక్."

"గోత్రం?"

అక్కడ ఆగిపోయాను. వెనక జనం. గోత్రం లేదంటే ఆయన అర్చన చెయ్యరు. మా గోత్రమే చెప్పేశాను, నాగేశ్వర గోత్రం. నక్షత్రం తెలియదంటే, 'గా' కనుక ధనిష్ఠ అని ఆయనే వేసుకున్నారు. "మనవడా?" అని అడిగారు. "మావాడే," అన్నాను. అబద్ధం ఎక్కడుంది అందులో.

కొబ్బరిచిప్ప తెచ్చి కంప్యూటరు మీద పెట్టాను. సుధారాణి దాన్ని తీసి పచ్చడి చేసింది.

జనవరి 19, ఆదివారం

పోయాడు.

ఒక వంతెన ఉంది. అవతలికి ఊరి జనం దాటుతున్నారు, వెనక శత్రువులు. ఆయన వంతెన మొదట్లో నిలబడిపోయాడు. చేతిలో కత్తి లేదు. వెనకాల ఉంటాడనుకున్నాను. వెనకాలే ఉన్నాడు, అందరికంటే వెనకాల, శత్రువులు వచ్చేవైపు. ఉత్త చేతులతో ఎంతసేపు ఆపుతాడు.

గోల్డీ ఏడ్చింది. మురళి కంట్లో నలక పడిందన్నాడు. ఉరి తియ్యమన్న రింకీ అందరికంటే గట్టిగా ఏడ్చింది.

కత్తి వద్దన్నది నేనే. ఎవరూ ఆ మాట అనలేదు. అనకపోవడం ఇంకా కష్టంగా ఉంది.

జనవరి 20, సోమవారం

ఇప్పుడు అసలు చిక్కు. దేవుడి ముందు సంకల్పంలో మా గోత్రం చెప్పాను. గోత్రం ఒకటైతే దాయాది. దాయాది పోతే మైల, పెద్దకర్మ దాకా. దీపం పెట్టకూడదు. దీపం పెట్టకుండా, అమ్మవారి బొట్టు పెట్టుకోకుండా నేను కత్తి కిందకి కన్ను ఇవ్వను. ఆపరేషనేమో మైల మధ్యలో పడింది.

దేవుడి అలమారకి గుడ్డ కప్పాను. సూర్యం గడ్డం గీసుకోబోతుంటే సబ్బు పట్టుకెళ్ళిపోయాను.

"ఏటమ్మా ఇది?"

"మైల్రా."

"ఎవురు పోయారు?"

"మీ దాయాది."

"నాకు తెలీని దాయాది ఎవుడే? ఏ ఊర్లో?"

"కంప్యూటర్లో."

సూర్యం సగం మొహం మీది నురగ తుడుచుకున్నాడు. షిఫ్టు టైము అయిపోయింది. గడ్డంతోనే పోయాడు.

జనవరి 21, మంగళవారం

ప్లాంటులో ఎవరో గడ్డం సంగతి అడిగితే, సూర్యం విసుగులో "చిన్నాన్న పోయాడు" అనేశాడట. సాయంత్రానికి పక్క క్వార్టరు భద్రమ్మ అరటిపళ్ళు పట్టుకుని పరామర్శకి వచ్చేసింది.

"ఎలా పోయాడు వదినా?"

"వంతెన మీద. జనాన్ని దాటించి."

"వయసెంత?"

"ఇనుము మాటున తెలీదు."

"మంచోడేనా?"

తలుపు తీసిన సంగతి, మందులు కొట్టేసిన సంగతి, వంతెన సంగతి అన్నీ చెప్పాను. భద్రమ్మ కళ్ళు తుడుచుకుని, "దొంగోడే గానీ మనసున్నోడు," అంది. దేశదేశాల వాళ్ళు సైబర్ కేఫ్‌లో రాసుకుంటున్నది ఈ మాటే. భద్రమ్మ రెండు అరటిపళ్ళు వలిచేలోపు తేల్చేసింది.

బీపీ చూపించుకోలేదు. మైలలో మందుల షాపుకి వెళ్ళకూడదు. (వెళ్ళొచ్చేమో. అడగలేదు.)

జనవరి 22, బుధవారం

గోల్డీ నా చెయ్యి పట్టుకుని కంప్యూటరు ముందుకి లాక్కెళ్ళింది. "దేఖో. జిందా హై. బతికే ఉన్నాడు."

బూడిదరంగు మచ్చ నిలబడి ఉంది. దగ్గుతోంది. కత్తి ఇవ్వాలా అని అడిగిన రోజున ఆటని దాచి పెట్టారట, అక్కడినుంచి మళ్ళీ మొదలెట్టొచ్చట. ఈసారి కత్తి ఇచ్చేశారు. నన్ను ఎవరూ అడగలేదు, మంచిదే.

నేను పొంగిపోయాను. దీపం కూడా పెట్టబోయాను. అంతలో గుర్తొచ్చింది.

"ఒలే, పోయాడనుకున్నోడు తిరిగొత్తే ఊరికే నోపలికి రానియ్యరు. మల్లీ పుట్టినట్టే లెక్క. బారసాల సెయ్యాలి."

"చేసేద్దాం," అన్నాడు మురళి.

"పుడితే పురుడు. పురిటికీ మైల ఉంది," అన్నాను.

సుధారాణి వంటింట్లోంచి గరిటెతో వచ్చింది. నా కోడలు అరవదు. గరిటె కింద పెట్టి నిదానంగా చెప్పింది. "అత్తా, పురుడెక్కడైతే మైలక్కడే. పురుడు కంప్యూటర్లో అయ్యింది. కాబట్టి మైల కంప్యూటరుకే. ఆదివారం దాకా దాన్నెవురూ ముట్టుకోడానికి నేదు."

ముగ్గురు పిల్లల మొహాలూ పాలిపోయాయి. వచ్చే నెలలో గోల్డీకి పరీక్షలు. ఇంత శాస్త్రం తెలిసిన పిల్ల అని ఇన్నాళ్ళూ నాకు తెలియదు.

జనవరి 26, ఆదివారం

నాలుగు రోజులు కంప్యూటరు మీద దుప్పటి. ఇల్లు ప్రశాంతం. గోల్డీ చదివింది. నాకు నిద్ర పట్టింది. మందుల షాపులో బీపీ చూసి "బహుత్ బఢియా, మాతాజీ" అన్నాడు.

ఇవాళ బారసాల. తెరమీద చిన్న తేనె చుక్క పెట్టి, పేరు మూడుసార్లు చెప్పాను. పసుపునీళ్ళు కూడా చల్లబోతే గోల్డీ చెంబు లాగేసుకుంది. రింకీ లడ్డూలు తెచ్చింది. ఉరి తియ్యమన్న సంగతి గుర్తు చేస్తే, "అది పోయిన జన్మలో," అంది.

రేపే ఆపరేషను. నాకు ఏ బెంగా లేదు. నిజంగా.

జనవరి 27, సోమవారం

ఆసుపత్రిలో మొదటిసారి చూస్తే బీపీ సరిగ్గా ఉంది. డాక్టరు తల ఊపాడు. అరగంట ఆగి ఇంకోసారి చూసి లోపలికి తీసుకెళ్తామన్నాడు. నేను అమ్మవారి బొట్టుతో, పచ్చ గౌనుతో కూర్చున్నాను.

బీపీ చూసే నర్సు చిన్నపిల్ల. నవ్వుతూ హిందీలో అడిగింది, కళ్ళు బాగయ్యాక మొదట ఎవర్ని చూస్తారు మాతాజీ అని. కొడుకు పక్కనే ఉన్నాడు, కొడుకు పేరు చెప్పాల్సింది. "గార్విక్‌ని," అన్నాను.

సూర్యం గోడవైపు తిరిగాడు.

నర్సు పిల్ల కళ్ళు పెద్దవి చేసింది. వాళ్ళ తమ్ముడితో కలిసి తనూ ఆ ఆటే ఆడుతుందట. "అరే, వో గద్దార్? ఆ ద్రోహినా? నేనైతే మొదట్లోనే వదిలేశాను వాణ్ణి. మందులు దొంగిలించేవాడు మనిషేనా?"

మందుల దగ్గర పనిచేసే పిల్ల, దానికి అలా అనిపించడం సహజమే. కానీ నేను ఊరుకోలేకపోయాను. ధాన్యం సంగతి ఎత్తాను. ఆ పిల్ల రాజు తరఫున మాట్లాడింది. నేను వంతెన సంగతి ఎత్తాను. వంతెన మీద చస్తే దొంగతనం పోతుందా అంది. గోల్డీ మధ్యలో దూరింది. చేతికి పట్టీ చుట్టి ఉండగానే మిషను కీచుమంది.

డాక్టరు ఆ అంకె చూసి, నన్ను చూసి, నర్సుని చూశాడు.

ఆపరేషను ఫిబ్రవరి ఇరవై నాలుగుకి వాయిదా.

ఆటోలో సూర్యం గోవింద్‌పూర్ వైపు వెళ్ళే లారీలని చూస్తూ కూర్చున్నాడు. బారిడీహ్ మలుపు చేరాక అన్నాడు, "అమ్మా, నీ కన్ను నీకక్కర్నేదా?" గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. పోయిన నెల గుమ్మంలో నిలబడ్డవాణ్ణి చూసి, మీటరు చూసే మనిషనుకుని "ఎవురు బాబూ?" అని నేనడిగింది ఆ కొడుకునే.

జనవరి 28, మంగళవారం

పొద్దున్న ముగ్గురు పిల్లలూ వచ్చి నా మంచం మీద వరసగా కూర్చున్నారు. వాళ్ళు కత్తి ఇచ్చి, మంచుకొండ దాటించి, ఆయన్ని మళ్ళీ వంతెన దగ్గరికి తెచ్చారట. ఈసారి దాటుతాడు. దాటాక, అవతలి గట్టున శిరస్త్రాణం తీస్తాడట.

"మీరు చూసేరా?"

"నహీఁ," అంది గోల్డీ. "ఆపేశాం. నీ కన్ను బాగయ్యే దాకా ఎవరమూ వంతెన దాటం. కసమ్ ఖాయా, ఒట్టేశాం."

"ఇరవై నాలుగు దాకా?" అన్నాను.

"బీపీ దిగకపోతే ఇంకా తర్వాత దాకా," అంది రింకీ. "ఆయన నిలబడే ఉంటాడు. మీదే ఆలస్యం, దాదీ."

సూర్యం గుమ్మంలో నిలబడి విన్నాడు. గడ్డం నున్నగా గీసుకున్నాడు. "మరి నా మొగం?" అన్నాడు.

"ముందు నీదేరా," అన్నాను. "ఆ తర్వాతే ఆయన."

"మాటిత్తన్నావా?"

"ఇత్తన్నాను."

కాబట్టి ఇవాళ్టి నుంచి, అంటే ఈ నిమిషం నుంచి, బెంగ పూర్తిగా బంద్. ఊరగాయ బంద్. మందుల షాపు, ఆసుపత్రి, ఎక్కడైనా సరే రాజుల గురించి వాదన బంద్. గ్యాసు గురించి అడగను. మఫ్లరు గురించి అడగను. ఇనపచొక్కా ఆయన గురించి అసలే అడగను. రాశాను. మూస్తున్నాను.

నది ఒడ్డున కదా నిలబెట్టారు. పుష్యమాసపు గాలి, ఒంటిమీద ఉన్నది చల్లటి ఇనుము. లోపల స్వెట్టరు ఉందో లేదో ఒక్కసారి గోల్డీని కనుక్కుని, అప్పుడు మూస్తాను.