గాసి తాత వీడియో పోయిన సంగతి

ముంచింగిపుట్టు,
డిసెంబరు 9.

మంగ్లు అన్నయ్యకి,

చెల్లెలు స్వర్ణ నమస్కారాలు. ఇక్కడ అమ్మా నేనూ బాగానే ఉన్నాం. ఆ మంచుకొండల్లో నువ్వూ, నీతో డ్యూటీ చేసేవాళ్లూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. జవాబు రాద్దామని మూడుసార్లు కూర్చుని లేచిపోయాను. ఫోనులో చెబుదామంటే నీ క్యాంపు లైను రెండు నిమిషాలకే తెగిపోతుంది. సగం విని ఇంకోలా అనుకుంటావని భయం.

అమ్మ మోకాళ్ల గురించి అడిగావు. చలికి నొప్పి ఎక్కువైంది. అయినా కాఫీ పళ్లు కోయడానికి రోజూ పోతూనే ఉంది, వద్దంటే వినదు. ఈసారి పళ్లు బాగా ఎర్రబడ్డాయి. మేనత్త కూతురు సౌందర్య నర్సింగు పరీక్ష రాసింది, సీటు వస్తుందని ధైర్యంగా ఉంది.

ఇక నువ్వు అడిగిన అసలు మాట. ‘నేను పెట్టిన యాంటీవైరసే గాసి తాత వీడియోని చెరిపేసిందని సురేంద్ర ఫోనులో అన్నాడు. నిజమేనా? ఊరికి మంచి చేద్దామని కంప్యూటరు కొనిచ్చి చెడు చేశానా?’ అని రాశావు. అది చదివినప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు.

మేలో నువ్వు సెలవు ముగించి వెళ్లాక, మన పోడు భూముల పట్టాల కోసం తిరుగుతున్న సురేంద్ర గాసి తాతని కొండంతా తిప్పి, తన ఫోనులో వీడియో తీశాడు. ఏ గెడ్డ వాగు దాకా మనది, ఏ బండ దగ్గర హద్దు తిరుగుతుంది, ఎవరి తాత ఎక్కడ పోడు కొట్టాడు, అన్నీ చెప్పాడు ముసలాయన. ఫోనులో చోటు లేదని ఆ వీడియో మన నెట్ సెంటరు కంప్యూటరులోకి ఎక్కించి, ఫోనులోంచి తీసేశాడు. పట్టాల కమిటీ వచ్చినప్పుడు దాని ముందు తాతే మాట్లాడతాడు కదా అని కాగితం మీద రాయించలేదు. ఆగస్టు వానల్లో జ్వరం వచ్చి తాత పోయాడు. వీడియో ఒక్కటే మిగిలింది.

సెప్టెంబరులో సౌందర్య హాల్‌టికెట్ కోసం పరుగెత్తుకుంటూ వచ్చింది. మర్నాడే పరీక్ష. పేజీ తెరిస్తే ‘ఈ సైటు సర్టిఫికెట్ నమ్మదగింది కాదు’ అని ఎర్రగా వచ్చింది. ఎలాగో తెరిస్తే ఫైలు తొంభై తొమ్మిది శాతం దగ్గర ఆగిపోయింది. “అక్కా, బేగి సెయ్యే, బస్సు ఎల్లిపోతాది!” అని అది ఏడుపు మొహం పెట్టింది.

ప్రతి పేజీనీ, ప్రతి ఫైలునీ యాంటీవైరస్ మనకంటే ముందు తెరిచి చూసి వదులుతుందనీ, అందుకే అప్పుడప్పుడూ ఇలాంటి హెచ్చరికలూ, ఆలస్యమూ అనీ నువ్వు చెప్పావు. నమ్మకమైన సైటు ఏదైనా ఇబ్బంది పెడితే దానికొక్కదానికే మినహాయింపు ఎలా ఇవ్వాలో కూడా చూపించావు. ఆ కంగారులో నాకది తోచలేదు. ఆ తనిఖీని, అదే వెబ్ స్కానింగ్‌ని, మొత్తం ఆపేశాను. హాల్‌టికెట్ వెంటనే దిగింది.

పరీక్ష అయ్యాక కూడా నేను దాన్ని మళ్లీ ఆన్ చేయలేదన్నయ్యా. పేజీలు చకచకా తెరుచుకుంటుంటే, “స్వర్ణ కాడ నెట్ పరిగెడతాది” అని సంతకొచ్చినవాళ్లు మెచ్చుకుంటుంటే, నాకు బాగుండేది.

అక్టోబరులో సురేంద్ర పట్టా దరఖాస్తు ఫారం కావాలన్నాడు. వెతికితే అచ్చం గవర్నమెంటు పేజీలాంటిదే వచ్చింది. డౌన్‌లోడ్ చేసి నొక్కాను, ఏమీ తెరుచుకోలేదు. కాసేపటికి ఫైళ్ల పేర్లన్నీ వాటంతట అవే మారిపోవడం మొదలైంది. డబ్బు పంపితే తెరుస్తామని ఇంగ్లీషులో ఒక నోటీసు వచ్చింది. నువ్వు చెప్పినట్టు ఆ వీడియోని ముందే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ తీశాను గాని, దాన్ని ఇంట్లో దాచకుండా కంప్యూటరుకే ఉంచేశాను. అదీ పోయింది.

పాడేరులో రిపేరు చేసే వరహాలరావు గారికి చూపించాను. “ఫైళ్లున్నాయమ్మా, తెరవడం నావల్ల కాదు. స్కానింగు ఎవులు ఆపినారు? అది ఉంటే దీన్ని దిగకముందే ఆపేసేదేమో” అన్నారు.

తిరిగొచ్చేసరికి సురేంద్రా, గాసి తాత కూతురు యర్రమ్మత్తా సెంటరు ముందు కూర్చుని ఉన్నారు. “ఏటైంది గుంటా?” అంది అత్త. నా నోట్లోంచి అబద్ధం వచ్చేసింది. ‘అన్నయ్య పెట్టిన యాంటీవైరస్ ఆ వీడియోనే వైరస్ అనుకుని చెరిపేసింది’ అన్నాను. నువ్వు దూరాన ఉన్నావు, నిన్నెవరూ నిలదీయరు అనుకున్నాను. “పోనీలే, మంగ్లు కావాలని సేసినాడా” అని అత్త నా వీపు నిమిరింది. నిమిరించుకున్నాను.

నీ ఉత్తరం వచ్చిన మూడో రోజున వాళ్లింటికి వెళ్లాను. అత్త చోళ్లు చెరుగుతోంది. సురేంద్రని కూడా పిలిచి, ఇద్దరి ముందూ నిజం చెప్పాను. అత్త చేట కింద పెట్టింది.

“మా అయ్య గొంతు ఇంక ఇనలేనా?”

“లేదత్తా.”

కింద పడ్డ గింజలు ఏరి చేటలో వేసింది. తర్వాత అంది, “పోయింది పోయింది. మరి మీ అన్న మీదెందుకేసినావు? అంత సలిలో కాపలా కాత్తన్నోడి మీద?”

సురేంద్ర లేచి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే అత్త ఇద్దరు ముసలివాళ్లని వెంటబెట్టుకొచ్చి, “కాగితం తియ్యి, హద్దులు రాయి” అంది. చిన్నప్పుడు విత్తనాల బుట్ట మోస్తూ తాత వెనక తిరిగిందట. రెండు రోజులు కొండ మీద నడిచాం. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసి వేలిముద్రలు వేయించాను. ఒక్కచోట మాత్రం ముగ్గురూ మూడు మాటలన్నారు. “అయ్య ఉంటే సెప్పును” అని అత్త ఆ గట్టు మీద కూర్చుండిపోయింది. అది అత్త పోడు ఉన్న కొండవాలే అన్నయ్యా. ఆ ముక్క దగ్గర కాగితం ఖాళీగా వదిలాను. ఇరవయ్యో తారీఖున కమిటీ వస్తుంది. ఏమంటారో తెలీదు.

కంప్యూటరు మొత్తం చెరిపి ప్రోగ్రాములన్నీ మళ్లీ ఎక్కించాం. సురేంద్ర నీకు తనే ఫోను చేస్తానని అత్తతో అన్నాడట. నాతో మాత్రం ఇంకా మాట్లాడడం లేదు.

నువ్వు ఏ తప్పూ చేయలేదు. చేసింది నేను. నిన్ను అందరి ముందూ దోషిని చేసిందీ నేనే. ఎంత కోపమొస్తే అంత తిట్టి రాయి, పేజీలకు పేజీలు రాయి. ఏమీ రాయకుండా మాత్రం ఉండకు.

ఇట్లు,
నీ మాట వినని చెల్లెలు,
స్వర్ణ