ఇరవై ఆరు గంటల రోజు

అనంతగిరి,
1927 మే 3, మంగళవారం.

రాత్రి కురిసిన వాన నలభై సెంట్లు (అంగుళానికి నూరు సెంట్లు). తెల్లవారేసరికి మబ్బు విడిపోయింది. వానకొలత పాత్ర వంచి, కడిగి, దాని చోట పెట్టి వచ్చాను.

చి. సౌ. నీలవేణికి,

ఇక్కడ నేను బాగున్నాను. జ్వరం లేదు. అక్కడ నువ్వు, మామగారు, అత్తగారు, ఈనిన ఆవుతో సహా అందరూ బాగున్నారని నీ ఉత్తరం వల్ల తెలిసింది.

నీ చేత్తో రాసిన మొదటి ఉత్తరం అది. ఆరు పంక్తులు. భోజనాన్ని 'బోజనం' అని రాశావు. వేరే తప్పులు లేవు. ఇంతవరకు నా ఉత్తరాలను మీ చిన్నాన్న అరుగు మీద కూర్చుని పైకి చదివేవారు. అందుకే వాటిలో వాన, బియ్యం ధర తప్ప ఏమీ ఉండేవి కావు. ఇది నువ్వే చదువుతావు కాబట్టి పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. పొడుగైంది. రెండు రోజుల్లో చదువుకో.

నువ్వు నాలుగు సంగతులు అడిగావు. వరసగా చెప్తాను.

భోజనం సరిగా చేస్తున్నారా అన్నావు. వంట నేనే చేసుకుంటున్నాను. పొద్దున్న చోడిపిండి అంబలి, రాత్రికి అన్నం.

పని, చదువు ఎలా ఉన్నాయన్నావు. రోడ్డు పని పదో మైలు దాటింది. కూలీల హాజరు రాయడం, కంకర కొలవడం, వాన కొలవడం ఎప్పటిలాగే ఉన్నాయి. సర్వే పరీక్ష జులైలో, విశాఖపట్నంలో. ఇది మూడోసారి. చెప్పేవాళ్ళు లేకుండా చదవడం వల్ల ఒక్కో పేజీకి నాలుగు రోజులు పడుతోంది. రోజూ ఏ గంటకు ఏం చేశానో పుస్తకంలో రాసుకోవడం మానలేదు.

ఇంటి కప్పు నేయించారా అన్నావు. నేయించాను. కానీ అది ఒక్క మాటలో అయ్యే సంగతి కాదు.

ఉగాది వెళ్ళిన వారం మన వెనకింటి సోంబరు గడ్డి కోసి తెచ్చాడు. మర్నాడు నిచ్చెన వేసుకుని వచ్చి గుమ్మం దగ్గర ఆగిపోయాడు. అక్కడ పచ్చి మామిడి తొక్కలు, సగం కొరికిన ముక్క ఉన్నాయి.

"బాబూ, ఇదెవుడు తిన్నాడు?"

"నేనే అనుకుంటాను."

"అనుకుంటావా? నోరు నీది కాదేటి?"

నిజంగానే నాకు సరిగా గుర్తు లేదు. గాలికి రాలిన కాయ ఏరి తెచ్చినట్టు లీలగా ఉంది. అంబలిలోకి ఉప్పు వేసుకుని కొరికి ఉంటాను. ఎదురుగా పుస్తకం ఉంది. మామిడి కొత్త కాకుండా ఇక్కడ ఎవరూ పిందె కూడా నోట పెట్టరని నీకు తెలుసు. మొదటి కాయ కొండదేవతకు పెట్టి, ఆ తరువాత ఊరంతా ఒకేసారి తినే పండుగను వీళ్ళు కొత్త అంటారని నిరుడు నాకు చెప్పింది నువ్వే. చేతిలో కాయ లాక్కుని మరీ చెప్పావు. ఈ ఏడాది లాక్కునేవాళ్ళు లేరు.

సోంబరు కప్పు ఎక్కలేదు. నిచ్చెన అక్కడే వదిలేసి కత్తి తీసుకుని వెళ్ళిపోయాడు. గడ్డి మోపులు వారం రోజులు వాకిట్లోనే ఉన్నాయి. ఊటబావి దగ్గర ఆడవాళ్ళు నన్ను చూసి పక్కకు జరిగేవారు. ఊరికి జబ్బు వస్తే నా మూలానే వచ్చిందంటారని తెలిసింది.

ఆ శుక్రవారం సంత నుంచి తిరిగి వస్తూ వాళ్ళ దిసారి, అంటే మంచి రోజులు చూసే పెద్దాయన, మన గుమ్మంలో కూర్చున్నాడు. సోంబరు, వాడి తల్లి సోములమ్మ కూడా వచ్చారు. ఏ రోజు తిన్నానో చెబితే దానికి తగ్గ తప్పు, అంటే జరిమానా, వేస్తానన్నాడు దిసారి. నాకు ధైర్యం వచ్చింది. నా దగ్గర పుస్తకం ఉంది కదా. తొక్కలు కనబడిన రోజు పేజీ తీసి పైకి చదివాను.

"ఏడు నుంచి ఎనిమిది వరకు: అంబలి. ఏడు నుంచి ఎనిమిది వరకు: చదువు, గొలుసు కొలతలు."

సోములమ్మ నోటికి అడ్డంగా కొంగు పెట్టుకుంది. "ఒక్క పొద్దుని రెండుమార్లు తినేసినావేటి బాబూ! మరి కాయ రుసేటి తెలుత్తాది?"

"తెలిసింది. పుల్లగా ఉంది."

"మావిడి పుల్లగుంటాదని మా మేకకీ తెలుసు. టెంక కట్టిందా, నేదా? అది సెప్పు."

గుర్తు లేదన్నాను. దిసారి కూడా నవ్వాడు. ఒక కోడి ఇవ్వాలన్నాడు. కొత్త రోజున పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా వాళ్ళతోనే కూర్చోవాలి, రోడ్డుకు పోకూడదు, చదవకూడదు.

"రాయనూ కూడదు," అని సోంబరు కలిపాడు. "నీకదే పెద్ద తప్పు."

కొత్త రోజున వెళ్ళి కూర్చున్నాను. మొదటి రెండు గంటలు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆకులో కాయ ముక్క పెట్టారు. తిన్నాను. టెంక ఇంకా లేతగానే ఉంది. సోములమ్మ అడగక ముందే ఆ మాట చెప్పాను. "బాబుకి పళ్ళొచ్చాయర్రా," అంది అందరికీ వినబడేలా. పుస్తకంలో ఆ రోజు పేజీ ఖాళీగా ఉంది. మర్నాడు సోంబరు వచ్చి కప్పు నేశాడు. రాత్రి వానకు ఇంట్లో ఒక్క చుక్క పడలేదు.

సోములమ్మ మాట మాత్రం వదల్లేదు. పాత పేజీలు వెనక్కి తిప్పి ఒక్కో రోజు గంటలు కూడుతూ వెళ్ళాను. చాలా రోజులకు ఇరవై ఐదు వచ్చాయి. ఒక రోజుకు ఇరవై ఆరు వచ్చాయి. మళ్ళీ కూడి చూశాను. ఇరవై ఆరే.

అది నిరుడు భాద్రపదంలో నీకు మన్నెం జ్వరం వచ్చిన ఆరో రోజు. "మూడు నుంచి ఐదు వరకు: నీలవేణి దగ్గర" అని రాశాను. దాని కింద "మూడు నుంచి ఐదు వరకు: చదువు, మూడో అధ్యాయం" అని రాశాను. దాని కింద "కుండ పగిలింది" అని ఉంది.

ఆ రోజు నువ్వు మంచినీళ్ళు అడిగావు. "ఉండు, ఈ లెక్క తేలనీ" అన్నాను. మళ్ళీ అడిగావు. అదే మాట అన్నాను. మూడోసారి అడగకుండా నువ్వే లేచి వెళ్ళి కుండ దగ్గర పడిపోయావు. నీ నుదుటి మీద ఇప్పటికీ ఉన్న గాటు అప్పటిది. మామగారు నిన్ను తీసుకెళ్ళడానికి బండి కట్టించుకుని వచ్చినప్పుడు, నేను రోడ్డు పనిలో ఉండగా నీకు కళ్ళు తిరిగాయని చెప్పాను. నువ్వు మంచం మీద నుంచి నా మాట విన్నావు. కాదనలేదు. ఆయన ఇప్పటికీ నన్ను గంట గంటకీ లెక్క ఉన్న మనిషి అని నలుగురిలో చెబుతారని మీ చిన్నాన్న రాశారు. అది చదివినప్పుడల్లా ఆ ఉత్తరం మడిచి పెట్టేవాణ్ణి.

నేను పనిలో లేను. నీ మంచానికి మూడడుగుల దూరంలో ఉన్నాను. ఈ మాట ఎనిమిది నెలలు ఆలస్యంగా చెబుతున్నాను.

నీ ఆఖరి ప్రశ్న ఇది. "నాన్న ఇంకో ఏడాది ఉండమంటున్నారు. నేను రావాలా, అక్కర్లేదా?"

దీనికి రమ్మని గానీ, వద్దని గానీ హుకుం రాయను. నేను చేసినవి మాత్రం రాస్తాను. పరీక్షకు కూర్చుంటాను. కానీ చదువు పొద్దున్న ఐదు నుంచి ఏడు వరకే. ఆ తరువాత పుస్తకం పెట్టెలో పెట్టి తాళం వేస్తున్నాను. ఈ లెక్కన ఈసారి కూడా తప్పవచ్చు. అంబలి తాగేటప్పుడు అంబలే తాగుతున్నాను. నాలుగైదు రోజులు చాలా కష్టమయింది. పోస్టాఫీసులో క్వినైను పొట్లాలు ఇరవై కొని ఉంచాను. దోమతెర కుట్టించాను. పోయిన శుక్రవారం సంతలో కుండ కొన్నాను. ఇంకా నీళ్ళు పట్టలేదు.

జ్వరం మళ్ళీ రాదని నేను చెప్పలేను. వస్తే నీళ్ళు రెండోసారి అడగనివ్వను. అంతవరకే చెప్పగలను. నువ్వు రావాలని నాకు ఉంది.

శనివారం మధ్యాహ్నానికి మీ ఊరు కోట చేరతాను. మామగారికి ఆ రోజు సంగతి ఎదురుగా కూర్చుని నేనే చెబుతాను. నువ్వు ముందుగా చెప్పి నా పని తేలిక చేయకు. ఆయన కోపగించుకుంటే అది న్యాయమే. ఆదివారం తిరుగు ప్రయాణానికి బండి మాట్లాడాను. అందులో ఒకరు ఎక్కాలో ఇద్దరు ఎక్కాలో నువ్వు చెప్పు. రాననుకుంటే కారణం రాయనక్కరలేదు, చెప్పనక్కరలేదు.

సోములమ్మ నిన్ను అడిగినట్టు రాయమంది. "ఆ గుంట బేగి రాకపోతే ఈ బాబు పుస్తకాన్నే నంజుకుంటాడు" అని కూడా రాయమంది. రాశాను.

పెద్దలకు నా నమస్కారాలు.

ఇట్లు,
నీ పెనిమిటి,
అప్పలనరసయ్య.

లెక్క పుస్తకంలో ఈమధ్య ఏం రాస్తున్నారని కూడా ఒక మూల సన్నగా రాశావు. ఇప్పుడు కనబడింది. ఈరోజుది ఎత్తి రాస్తున్నాను.

ఐదు నుంచి ఏడు: చదువు.
ఏడు నుంచి ఎనిమిది: వానకొలత, అంబలి తాగడం.
ఎనిమిది నుంచి రెండు: రోడ్డు పని.
రెండు నుంచి నాలుగు: నీకు ఉత్తరం.
నాలుగు నుంచి: ఊటబావికి, కొత్త కుండలో నీళ్ళు పట్టడానికి.