సబ్బు నురగ సాక్ష్యం

ఆదివారం, పొద్దున

చిట్టితల్లీ,

మీ అమ్మకి ఏ జబ్బూ లేదే! ముందు రాయాల్సిన దీవెనలు వెనకబడ్డాయి, ఏమనుకోకు. నువ్వు చల్లగా ఉన్నావని తలుస్తూ మీ నాన్న రాస్తున్నాడు.

వంటింట్లో గ్యాస్ వాసనొస్తోందని అమ్మ ఎన్నాళ్లుగానో మొత్తుకుంటోంది కదా. మెకానిక్ వచ్చి, గొట్టం దగ్గర ముక్కు పెట్టి, ఏం లేదమ్మా, పెద్దవయసులో ఇవి మామూలే అన్నాడు. మీ అన్నయ్య రావట్లేదన్నాడు, నేనూ అదే అన్నాను. ఒక ముక్కు మీద మూడు ముక్కులు గెలిచాయి. లేని వాసనలు తగలడం మెదడు జబ్బేమో చూద్దామని డాక్టరు స్కానింగుకి రాసిచ్చాడు. నేను కంగారుపడి చుట్టాలకి ఫోన్లు చేశాను. అమ్మ మాత్రం పొయ్యి ముట్టించనంటే ముట్టించనని భీష్మించుకుని, పూటపూటకీ బ్రెడ్డే పెట్టింది.

నిన్న ఫోన్లో నువ్వు చెప్పింది మొదట నా బుర్రకెక్కలేదు. మగవాడికి వాసనొస్తే సాక్ష్యం, ఆడదానికొస్తే భ్రమ అంటారని, నీ పరిశోధనంతా దాని మీదేనని అన్నావు. రోజంతా గ్యాస్ మధ్య తిరిగేవాడి ముక్కు దానికి అలవాటుపడి మొద్దుబారుతుందన్నావు. ముక్కుల్ని లెక్కపెట్టకండి, గొట్టానికి సబ్బు నురగ రాయండి, నురగకి ఆడా మగా తేడా తెలీదన్నావు.

రాశాం. గొట్టం మలుపు దగ్గర బుడగ ఉబ్బింది. పేలింది. మళ్లీ ఉబ్బింది. నేను చంటిపిల్లాడిలా చప్పట్లు కొట్టాను. కొంప అంటుకోబోతుంటే ఆ చప్పట్లేమిటండీ, ముందు సిలిండర్ కట్టేసి తలుపులు తియ్యండని అమ్మ కసిరింది. అప్పుడే వచ్చిన పక్కింటావిడ గుమ్మంలోనే ముక్కు మూసుకుంది. మెకానిక్ మళ్లీ వచ్చి, గొట్టం మార్చి, అమ్మ మొహం చూడకుండా వెళ్లిపోయాడు.

ఉంటాను తల్లీ. వేళకి తిను.

ఆనందం పట్టలేని
మీ నాన్న

తా.క. అసలు సంగతి రాయలేదు. పక్కింటావిడ ముక్కు మూసుకున్నప్పుడు కూడా నాకే వాసనా రాలేదు. ఆవిడ వెళ్లాక కాఫీపొడి, వెనిగర్, బూటు పాలిష్ అన్నీ వాసన చూశాను. తెల్లకాగితం వాసన చూసినట్టే ఉంది. ఎప్పట్నించో తెలీదు. భయంగా ఉందే. స్కానింగు చీటీ చింపబోతే అమ్మ లాక్కుంది. రేపు డాక్టరుకి చూపించాల్సింది మిమ్మల్నే అంది.

అమ్మకి మతి చెడిందని నేను ఫోన్లు చేసి చెప్పినవాళ్లకి నువ్వే చెప్పాలి, వాసన నిజమేననీ, చెడింది నాన్న ముక్కనీ. పెద్దత్తకి, చిన్నాన్నకి, పిన్నికి, మీ వదిన వాళ్లమ్మగారికి. మరిచిపోకుండా మీ అన్నయ్యకి. వాడు వంటింట్లోకి అడుగే పెట్టలేదు, హాల్లో కూర్చునే వాసన రావట్లేదన్నాడు.