సరైన విమానం దొరికేదాకా

నవంబర్ 3. మధ్యాహ్నం.

ఈ రోజు నుంచి నేను విమానం నడుపుతాను!

కంప్యూటర్‌లోనే. అయినా నడపడం నడపడమే.

సంగతి ఇది. మా ఆయన అనికేత్ తువ్వాళ్ళ కార్ఖానాకు అంచుల డిజైన్లు గీస్తాడు, ఇంట్లోనే, కంప్యూటర్ మీద. కార్ఖానా యజమాని పెంటయ్య సేఠ్ వచ్చే నెల గోవా వెళ్తున్నాడు, అక్కడి హోటళ్ళ వాళ్ళకు తువ్వాళ్ళు చూపించడానికి. మా ఆయనను కూడా రమ్మన్నాడు. ఇంట్లోంచి ఇంకొకరిని వెంట తెచ్చుకోమన్నాడు. షోలాపూర్ నుంచి నేరుగా విమానంలో!

నిన్న అన్నాల దగ్గర మా అత్తమ్మ చంద్రభాగ అంది: "కోమల్‌ను ఏడ తోల్కపోతవ్ రా? అక్కల్‌కోట్ బస్సులనే నోటికి సంచి పట్టుకుంటది. నేనొస్త."

మా ఆయన నవ్వాడు. "సరే కోమల్, కంప్యూటర్ల ఒక్కపారి ఇమానం దించి సూపెట్టు. పడగొట్టొద్దు మల్ల. నీ పేరే రాయిస్త."

పేర్లు ఇచ్చే గడువు ఇరవయ్యో తారీఖు.

నేను కంచం తీసుకుని లోపలికి వెళ్ళాను. పెళ్ళయి ఏడాదిన్నర అయింది. ఆయన పక్కన కూర్చుని గంట దూరంలోని అక్కల్‌కోట్ దాటింది లేదు. ఆ సీటు నాకు కావాలి. కిటికీ పక్కది.

తీర్మానం: రోజూ ఒక గంట, అత్తమ్మ తాను చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి వెళ్ళే వేళ. అదీ పిల్లల ఆటలో కాదు. అసలు విమానంలా ఉండే సిమ్యులేటర్‌లో. దొంగాటలో గెలిస్తే అది గెలుపా?

నేను ఏడో తరగతి దాకానే చదివాను. అయితే ఏం? విమానం మార్కుల కాగితం అడుగుతుందా?

నవంబర్ 4

మొదటిది దొరికింది! ఉచితం. టీ మరిగేలోపు కంప్యూటర్‌లోకి ఎక్కింది.

బాణం గుర్తు నొక్కితే లేస్తుంది. ఇంకోటి నొక్కితే దిగుతుంది. కుంఠా నాకా కూడలి దగ్గర ఆటోవాడు తిప్పినట్టు ఎటంటే అటు తిప్పుకోవచ్చు. ఇళ్ళకు తగిలినా ఏమీ కాదు, ఇళ్ళలోంచి దూరి అవతలికి వస్తుంది.

రెండోసారికే దిగింది.

ఛీ! ఇంత తేలికగా దిగితే పైలట్లకు చదువులెందుకు? ఇది లెక్కలోకి రాదు. ఆయనకు చెప్పలేదు. రేపు మంచిది వెతకాలి.

నవంబర్ 6

దొరికింది. బొమ్మలు చూస్తేనే ఒళ్ళు జలదరించింది. మబ్బులు మబ్బుల్లా ఉన్నాయి. రెక్క మీద వాన చుక్కలు కూడా ఉన్నాయి!

ఉదయం కంప్యూటర్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టాను. సాయంత్రం కంప్యూటర్ చెప్పింది: చోటు లేదు. లోపలంతా ఆయన గీసిన అంచులే. గులాబీలు, నెమళ్ళు, మళ్ళీ గులాబీలు. గులాబీలు కొన్ని తీసేస్తే? ఒక్క నిమిషం ఆలోచించాను. దేవుడా, ఒక్క నిమిషమే.

ఆయన వచ్చి కూర్చున్నాడు. "ఇదేంది, గింత స్లో నడుస్తుంది?"

"ఏమో" అన్నాను.

ఈ రోజు గంట వెతకడంలో గడిచింది. వెతకడం కూడా అభ్యాసంలో భాగమే.

నవంబర్ 8

మూడోది! ఇదే! కంప్యూటర్‌లో పట్టింది. ఎదురుగా గడియారాల వంటివి బోలెడు. ఒకటి ఎత్తు చెప్పేది. ఒకటి వేగం. ఒకటి దిక్కు. మిగతావి తెలియదు, కానీ చూడ్డానికి గంభీరంగా ఉన్నాయి. ఇంజన్ మొదలుపెట్టడానికే ఎనిమిది మీటలు నొక్కాలట. అసలైనదంటే ఇలా ఉండాలి.

చేత్తో పట్టుకుని తిప్పే కర్ర, జాయ్‌స్టిక్ అట, కావాలంది. పక్కింటి స్నేహ దగ్గర ఉంది, వాళ్ళ అన్నయ్యది. అడగడానికి వెళ్ళాను. కరివేపాకు అడిగి వచ్చాను. ఇంట్లో కరివేపాకు ఉంది. మళ్ళీ వెళ్ళాను. టైమెంత అని అడిగి వచ్చాను. మూడోసారి స్నేహే నవ్వింది. "వదినా, ఏం గావాల్నో చెప్పరాదు?" చెప్పాను. కర్ర దొరికింది.

నవంబర్ 9

పడిపోయాను. మళ్ళీ పడిపోయాను. చెరువులో ఒకసారి.

కానీ ఎంత నిజంగా ఉందో! కర్ర చేతిలో పట్టుకుంటే చాలు, విమానం సన్నగా వణుకుతూ ఉంటుంది. గాలి తగులుతున్నట్టు. మొదటిదాంట్లో ఆ వణుకే లేదు. కడుపులో కూడా తిప్పింది. లవంగం నోట్లో వేసుకుని సంతోషంగా కూర్చున్నాను. నా ఎంపిక సరైనదే!

అత్తమ్మ గుమ్మంలోంచి చూసింది. "అగం బాయీ! పొద్దంత గా డబ్బ ముంగట గూసున్నవ్. లేసిందా నీ ఇమానం?"

"లేసింది అత్తమ్మా."

"దిగిందా?"

"పడ్డది."

"పడుడు గూడ దిగుడే పిల్లా" అని బీడీల చేట ముందేసుకుని కూర్చుంది.

నవంబర్ 12

ఘోరం. సిమ్యులేటర్ చెడిపోయింది.

పొద్దున మొదలుపెట్టాను. వణుకు లేదు! విమానం నెయ్యి మీద జారినట్టు పోతోంది. గోడకు తగిలించిన బొమ్మలా ఉంది. కర్ర ఊపి చూశాను. మేజా బల్లను తన్ని చూశాను. అంతా తీసేసి మళ్ళీ మొదటి నుంచి ఎక్కించాను. మధ్యాహ్నం అన్నం మరిచాను. అదే నునుపు.

అత్తమ్మ వచ్చింది. "ఏమైంది, మొకం గట్ల వెట్టినవ్?"

"ఇమానం వణుకుతలేదు అత్తమ్మా. నిన్నటిదాక మంచిగ వణికింది."

అత్తమ్మ నన్ను చూసింది. తరువాత నేలను చూసింది. "ఇయ్యాల కార్ఖానాకు సుట్టీ గదనే. కింద మగ్గాలు బంద్ ఉన్నయి. ఇల్లే వణుకుతలేదు, ఇమానం ఏడ వణుకుతది?"

కింద అంతస్తులో, మాకు అద్దెకిచ్చిన ఇంటివాళ్ళ నాలుగు పవర్‌లూమ్‌లు. పుట్టింది దాజీ పేట్ మగ్గాల మధ్య, మెట్టింది నీలం నగర్ మగ్గాల మీద. ఇల్లు వణుకుతుందని నాకు ఎన్నడూ తోచలేదు. ఇల్లంటే అలాగే ఉంటుంది అనుకున్నాను.

బల్ల వణికింది, కర్ర వణికింది, విమానం వణికింది. ఇన్నాళ్ళూ నేను నడిపింది ఇంటివాళ్ళ మగ్గాలనన్నమాట.

అత్తమ్మ ఈ మాట సాయంత్రానికల్లా నలుగురికి చెప్పింది. ఐదో మనిషికి చెప్పడం నేను పైనుంచి విన్నాను.

దీన్ని తీసేశాను. మోసం. తనంతట తాను వణికేది ఎక్కడో ఉండే ఉంటుంది.

నవంబర్ 15

వెతుకుతున్నాను. ఒకటి బాగుంది కానీ వణుకు ఎక్కువ. ఇంకోటి వణుకుతుంది కానీ ఆకాశం ఊదారంగులో ఉంది. ఊదా ఆకాశంలో ఎలా నేర్చుకుంటారు?

ఆయనకు హోటల్ తువ్వాళ్ళ అంచు తొందరగా కావాలట. కంప్యూటర్ దొరకలేదు. నా తప్పు కాదు.

నవంబర్ 17

కరెంటు పోయింది.

(తరువాత వచ్చింది. అప్పటికి పప్పు పొయ్యి మీద ఉంది.)

నవంబర్ 19

తల నొప్పి. రేపు ఒక్కరోజే ఉంది. ఒక్కరోజులో ఏమైనా జరగవచ్చు. నిజం చెప్పాలంటే ఎంచుకోవడమే కష్టమైన పని, ఎంచుకున్నాక నడపడం ఎంత?

నవంబర్ 20. సాయంత్రం.

జరిగింది.

ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని "పేర్లు పంపాలె" అన్నాడు. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఆయన నా వైపు చూశాడు. స్నేహ కూడా ఉంది, కర్ర తీసుకుపోవడానికి వచ్చింది. ఇంతమంది ముందు ఏమని చెప్పను? చీర కొంగు చూసుకున్నాను.

అత్తమ్మ చేట పక్కన పెట్టి లేచింది. "జరుగు రా. గా మొదటి ఆట పెట్టు, పిల్ల పక్కన పెట్టిందని స్నేహ చెప్పింది గదా, గది."

మొదటిది! ఇళ్ళలోంచి దూరేది!

తునికాకు అంటిన వేళ్ళతో రెండు బాణాలు నొక్కింది. మూడు ఇళ్ళలోంచి దూరి, ఒక గుట్టలోంచి దూరి, విమానం వచ్చి చక్కగా నిలబడింది.

"దిగిన్నా లేదా?"

"ఖరేచ్, నిజంగనే దిగినవ్ పెద్దమ్మా!" అని స్నేహ చప్పట్లు కొట్టింది.

ఆయన మళ్ళీ ఒకసారి నా వైపు చూశాడు. నేను ఇంకా కొంగు దగ్గరే ఉన్నాను. ఆయన అత్తమ్మ పేరు పంపాడు.

వంటింట్లోకి వచ్చి అడిగాడు. "నీకు రావాల్నని లేదా?"

"ఉన్నది."

"మరి అనవైతివి?"

"దించి సూపెట్టమన్నరు గద. ఇంక దించలే."

"అరే, అది పరాచకం కోమల్! ఆటల దించినోళ్ళనే ఎక్కనిస్తరా ఎవలన్న?" నవ్వబోయాడు. నా ముఖం చూసి ఆగిపోయాడు. "వస్త అంటె సరిపోతుండె. బస్, ఒక్క మాట."

రెండోసారికే దించానని, నాలుగో తారీఖునే దించానని అప్పుడు కూడా చెప్పలేదు. అది అసలైనది కాదు కదా.

డిసెంబర్ 14

వాళ్ళు వచ్చేశారు. వాడకట్టు అంతా మా ఇంట్లోనే.

"ఏముందే? లేసింది, దిగింది. కంప్యూటర్ల సూసిందే" అని అత్తమ్మ చెబుతోంది. కిటికీ పక్కనే కూర్చుందట. కూర్చోగానే నిద్రపోయిందట. ఈ రెండో మాట ఆయన చెప్పాడు.

"వదినెను ఎందుకు తోల్కపోలే?" అంది స్నేహ.

"దానికి భయమే" అంది అత్తమ్మ.

"నాకు భయం లేదు."

ఎవరు అన్నారా అని అందరూ తిరిగి చూశారు. నేను కూడా చూశాను. తలుపు తెర వెనక నేను తప్ప ఎవరూ లేరు.

అత్తమ్మ చేతిలో గోవా జీడిపప్పు అలాగే ఉండిపోయింది. "గా మాట ఆనాడు నోట్లకెల్లి రాకపాయె? నేనే పంపుతుంటి గదనే, ఎడ్డిదానా."

ఆయన లేచి నిలబడ్డాడు. "పెంటయ్య సేఠ్ ఎండకాలంల మల్ల పోతడట. ఈపారి ఆట లేదు, పోటీ లేదు. వస్తవా? అందరి ముంగట చెప్పు."

అందరూ నన్నే చూస్తున్నారు. జీడిపప్పు నమలడం కూడా ఆపేశారు.

"రేపు చెప్త" అన్నాను.

సాయంత్రం.

తీర్మానం. రేపటి నుంచి రోజూ ఒక గంట, అత్తమ్మ బీడీలకు వెళ్ళే వేళ. ఎండాకాలానికి ఇంకా చాలా సమయం ఉంది!

ఈసారి విమానం నడపడం కాదు. ఎవరైనా అడగగానే "వస్తాను" అనడం నేర్పే సిమ్యులేటర్ ఉందేమో వెతకాలి. అసలైనదానిలా ఉండాలి. చుట్టూ జనం ఉండాలి, జీడిపప్పు తింటూ.

తేలికదైతే మాత్రం వద్దు.